తాబేలు పెంట తినడం: జబ్బా, స్వభావమా?

నేల తాబేలును పెంచుకునేవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఒక దృశ్యం చూసి కంగారు పడతారు. కడిగి పెట్టిన తాజా ఆకులు ఎదురుగా ఉండగానే తాబేలు వాటిని వదిలేసి, తాను అప్పుడే విసర్జించిన మలం వైపు తిరిగి, నింపాదిగా దాన్ని తినేస్తుంది. తోటలో వదిలితే కుందేలు పెంటికలను వెతుక్కుని మరీ తింటుంది. ఇంట్లో కుక్క ఉంటే దాని మలం జోలికీ పోతుంది. దీని గురించి సలహా అడిగినవారికి సాధారణంగా రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఇది పూర్తిగా సహజం, పట్టించుకోనక్కర్లేదని కొందరు చెబుతారు. కడుపులో పురుగులు చేరాయి, వెంటనే మందు వేయాలని మరికొందరు హెచ్చరిస్తారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. తిన్నది ఎవరి మలం, అందులో ఏముంది, అది ఎంత చోటులో జరుగుతోంది అన్న మూడు విషయాలను బట్టి ఒకే పని ఒకచోట నిరపాయంగానూ, మరొకచోట ప్రమాదకరంగానూ మారుతుంది.

తన మలం, తోటి తాబేలు మలం, వేరే జంతువు మలం

జంతువులు మలాన్ని ఆహారంగా తీసుకోవడాన్ని మలభక్షణ అంటారు. ఒక జంతువు తన మలాన్నే తినవచ్చు, తన జాతికే చెందిన మరో జంతువు మలాన్ని తినవచ్చు, పూర్తిగా వేరే జాతి మలాన్ని తినవచ్చు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ విషయంలో చాలా గందరగోళం పుడుతుంది. తన మలాన్ని తాను తిన్న తాబేలు శరీరంలోకి కొత్త జీవి ఏదీ రాదు. అంతకుముందే ఉన్నది మళ్లీ లోపలికి చేరుతుంది, అంతే. తోటి తాబేలు మలం తిన్నప్పుడు ఒకదాని పేగుల్లో ఉన్న మంచీ చెడూ రెండోదానికి చేరే వీలుంటుంది. వేరే జంతువు మలం తిన్నప్పుడు ఆ జంతువు తిన్న తిండి, అది మోస్తున్న సూక్ష్మజీవులు, దానికి వేసిన మందులు కూడా లెక్కలోకి వస్తాయి.

మరొక చిన్న విషయాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నేల తాబేళ్లు నీటిని పొదుపు చేసుకోవడానికి తమ ఒంట్లోని నత్రజని వ్యర్థాలను ఎక్కువగా యూరిక్ ఆమ్లం, దాని లవణాల రూపంలో బయటికి పంపుతాయి. తెల్లటి పేస్టులా, కొన్నిసార్లు సున్నపు ముద్దలా కనిపించే ఆ పదార్థం మలం కాదు, పురుగుల గుడ్లూ కావు. అది మెత్తగా ఉండటం మామూలే. ఇసుకలా గరుకుగా, గట్టిగా వస్తోందంటే మాత్రం తాబేలుకు నీరు చాలడం లేదేమోనని అనుమానించాలి.

పీచును అరిగించుకునే శరీరం

నేల తాబేళ్లలో అత్యధిక జాతులు గడ్డి, ఆకులు, పూలు, కాండాలు తిని బతుకుతాయి. ఆ తిండిలో పెద్ద భాగం సెల్యులోజ్ అనే పీచు. వెన్నెముక ఉన్న జంతువులు ఆ పీచును విడగొట్టే ఎంజైములను సొంతంగా తయారు చేసుకోలేవు. అందుకే శాకాహార జంతువులు ఆ పనిని తమ పేగుల్లో నివసించే బాక్టీరియాకు, ఇతర సూక్ష్మజీవులకు అప్పగించాయి. ఆవు వంటి నెమరువేసే జంతువుల్లో ఈ సూక్ష్మజీవుల నివాసం జీర్ణాశయం ముందు భాగంలో ఉంటుంది. తాబేళ్లలో అది వెనుక భాగంలో, అంటే పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే అంధనాళంలోనూ, పెద్దపేగులోనూ ఉంటుంది. అక్కడ పీచు పులిసి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. పేగు గోడ వాటిని పీల్చుకుని శరీరానికి శక్తిగా అందిస్తుంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో బొరియలు తవ్వుకుని జీవించే గోఫర్ తాబేలు మీద కేరెన్ బ్యోర్న్‌డాల్ 1980లలో చేసిన పరిశోధనలు ఈ తాబేళ్లు పీచును ఎంత సమర్థంగా వాడుకోగలవో చూపించాయి.

ఈ ప్రక్రియ చాలా నెమ్మదైనది. తిన్న ఆహారం తాబేలు శరీరం నుంచి బయటికి రావడానికి రోజుల నుంచి వారాల దాకా పట్టవచ్చు. పైగా తాబేలు శరీరం తన వేడిని తానే పుట్టించుకోలేదు కాబట్టి, చుట్టూ ఉన్న వెచ్చదనం తగ్గితే లోపలి సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది. అలాంటప్పుడు తిన్నది సరిగా అరగకుండానే మలంలోకి వచ్చేస్తుంది. చల్లని గూట్లో ఉంచిన తాబేలు మలంలో ఆకుల ముక్కలు ఆకారం చెదరకుండా కనిపించడానికి ఇది ఒక కారణం.

ఇక్కడ శరీర నిర్మాణంలోనే ఒక చిక్కు ఉంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టడంతో ఆగవు. పెరుగుతూ, చనిపోతూ తమ శరీరాల్లో మాంసకృత్తులను, బి విటమిన్లను, కె విటమిన్‌ను నిల్వ చేస్తాయి. మాంసకృత్తులను అరిగించి పీల్చుకునే ముఖ్యమైన చోటు చిన్నపేగు, అది పెద్దపేగు కంటే ముందు వస్తుంది. కాబట్టి వెనుక తయారైన ఈ పోషకాల్లో చాలా భాగం వాడుకలోకి రాకుండానే మలంతో బయటికి పోతుంది. దాన్ని మళ్లీ తింటే, ఆ సరుకు రెండోసారి కడుపు, చిన్నపేగుల మీదుగా ప్రయాణిస్తుంది.

అంకెలతో చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి, కొలిచినవి కావు. ఒక తాబేలు 100 గ్రాముల ఆకులు తిన్నదనీ, అందులో నీరు పోగా 15 గ్రాముల ఘనపదార్థం ఉందనీ అనుకుందాం. అందులో 60 శాతం అరిగితే 9 గ్రాములు శరీరానికి అందుతాయి, 6 గ్రాములు మలంగా వస్తాయి. ఆ 6 గ్రాముల్లో మూడో వంతు రెండోసారి అరిగే స్థితిలో ఉంటే మరో 2 గ్రాములు దక్కుతాయి. మేత సమృద్ధిగా ఉన్న తాబేలుకు ఆ 2 గ్రాములు నాలుగు ఆకులు ఎక్కువ తింటే వచ్చేవే. ఎండిన గడ్డిపోచలు తప్ప మరేమీ దొరకని కాలంలో, ఒక్కో మేత కోసం ఎండలో చాలా దూరం నడవాల్సిన తాబేలుకు మాత్రం, కాలి ముందే దొరికే అదే 2 గ్రాములకు విలువ చాలా ఎక్కువ. మలం తినే స్వభావం తాబేళ్లలో ఎందుకు నిలిచి ఉంటుందో ఊహించడానికి ఈ తేడా తోడ్పడుతుంది.

కుందేలుతో పోలిక ఎంతవరకు నిలుస్తుంది

ఈ వివరణ చదివినవారికి వెంటనే కుందేలు గుర్తుకు వస్తుంది. కుందేలు రెండు రకాల పెంటికలు పెడుతుంది. గట్టిగా, పొడిగా ఉండేవి ఒక రకం. అంధనాళంలో తయారై, మెత్తగా, జిగురు పొరతో వచ్చేవి రెండో రకం. ఈ మెత్తటి వాటిని కుందేలు నేలమీద పడనీయకుండా నేరుగా నోటితో అందుకుని మింగుతుంది. అది దాని రోజువారీ పోషణలో విడదీయలేని భాగం, దాన్ని అడ్డుకుంటే కుందేలు ఆరోగ్యం దెబ్బతింటుంది.

తాబేలు పేగుల్లో అలా వేరుచేసే ఏర్పాటు ఏదీ లేదు. అది పెట్టేది ఒకే రకం మలం, దాన్ని అది క్రమం తప్పకుండా తినదు. కొన్ని తాబేళ్లు తరచుగా తింటాయి, కొన్ని ఎప్పుడో ఒకసారి తింటాయి, కొన్ని జీవితమంతా ఆ జోలికే పోకుండా చక్కగా పెరుగుతాయి. కాబట్టి కుందేలుకు ఇది అవసరం కనుక తాబేలుకూ అవసరమేననే వాదన నిలవదు. పోషకాలను తిరిగి రాబట్టుకోవడం తాబేలుకు ఒక అదనపు వెసులుబాటు కావచ్చు. దాన్ని అడ్డుకోవడం వల్ల, మేత బాగున్న తాబేలుకు లోటు ఏర్పడుతుందని చెప్పడానికి ఆధారం లేదు.

తల్లి తోడు లేని పిల్లలకు సూక్ష్మజీవులు ఎక్కడినుంచి వస్తాయి

మలభక్షణకు బలమైన వివరణ పిల్ల తాబేళ్ల దగ్గర దొరుకుతుంది. తల్లి తాబేలు మట్టిలో గొయ్యి తీసి గుడ్లు పెట్టి, కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చేసరికి పాలిచ్చే తల్లి గాని, మేపే తండ్రి గాని ఉండరు. అవి మొదటి రోజునుంచే ఆకులు కొరకాలి, కానీ ఆ ఆకుల్లోని పీచును పులియబెట్టే సూక్ష్మజీవుల సమూహం వాటి పేగుల్లో ఇంకా స్థిరపడి ఉండదు. ఆ సమూహం బయటినుంచే రావాలి.

దీనికి దగ్గరి సాక్ష్యం ఒక శాకాహార బల్లి నుంచి వచ్చింది. పనామాలో ఆకుపచ్చ ఇగువానాలను పరిశీలించిన కేథరిన్ ట్రోయర్ 1982లో ప్రచురించిన పరిశోధనలో, గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు మొదట గూటి చుట్టూ ఉన్న మట్టిని తింటాయనీ, తర్వాత పెద్ద ఇగువానాలున్న చోటికి చేరి వాటి మలం తింటాయనీ, అలా పేగుల్లో పులియబెట్టే సూక్ష్మజీవులను ఒక తరం నుంచి మరో తరం అందుకుంటుందనీ వివరించారు. క్షీరదాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఏనుగు పిల్లలు పెద్ద ఏనుగుల లద్దె తింటాయి. కోలా పిల్లలు యూకలిప్టస్ ఆకులకు మారే ముందు తల్లి విసర్జించే ప్రత్యేకమైన మెత్తటి మలాన్ని తింటాయి.

తాబేలు పిల్లల విషయంలోనూ ఇదే జరుగుతుందని భావించడం సమంజసమే. పెద్ద తాబేలు పెంట, బొరియలోని మట్టి, మట్టి అంటిన ఆకులు అన్నీ సూక్ష్మజీవులను అందించగలవు. ఇక్కడినుంచి పెంపకందారుల అభిప్రాయాలు చీలిపోతాయి. కొందరు ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు మలాన్ని కొద్దిగా పిల్లల గూట్లో ఉంచుతారు. పేగులు త్వరగా స్థిరపడి, పిల్లలు పీచును బాగా వాడుకుంటాయని వారి నమ్మకం. ఎప్పుడూ పెద్ద తాబేలును చూడని పిల్లలు కూడా శుభ్రమైన గూళ్లలో ఆరోగ్యంగా ఎదుగుతున్నాయనీ, మట్టి నుంచీ ఆకుల నుంచీ వచ్చే సూక్ష్మజీవులు చాలుననీ, కాబట్టి లేనిపోని పురుగులను పిల్లలకు అంటించడం అనవసరమనీ రెండో వర్గం వాదిస్తుంది. నాకు రెండో వాదనలోని జాగ్రత్త ఎక్కువ బరువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే మలంతో పాటు సూక్ష్మజీవుల్లో కావలసినవి మాత్రమే ఏరి పంపడం కుదరదు. అయినా మొదటి వర్గం చెప్పేదానిలోని సూత్రాన్ని పశువైద్యులే వాడుతున్నారు. చాలాకాలం ఆంటీబయాటిక్ మందులు వాడినందువల్లనో, తిండి మానేసినందువల్లనో పేగుల్లోని సూక్ష్మజీవులు దెబ్బతిన్న తాబేలుకు, పరీక్షించి ఆరోగ్యంగా ఉందని తేల్చుకున్న మరో తాబేలు మలాన్ని నీటిలో కలిపి గొట్టం ద్వారా ఇవ్వడం సరీసృపాల వైద్యంలో తెలిసిన పద్ధతే. పరీక్షించి ఎంచుకోవడమన్న ఒక్క అంశంలోనే ఆ చికిత్సకూ, గూట్లో ఏదో మలం వదిలేయడానికీ మధ్య తేడా అంతా ఉంది.

ఎడారిలో సున్నం కోసం వెతికే జంతువు

అడవిలోని తాబేలు తినే జాబితా మనం అనుకునే దానికంటే చాలా పెద్దది. ఎడారి తాబేళ్లు ఖనిజాలున్న మట్టిని తవ్వి మరీ తింటాయని 1982లో పరిశోధకులు నమోదు చేశారు. అవి ఎముక ముక్కలను, ఇతర జంతువుల పెంటికలను కూడా కొరుకుతాయి. డిప్ప పెరుగుదలకు, ఆడ తాబేళ్లలో గుడ్ల పెంకులకు కాల్షియం చాలా కావాలి, ఎడారి మొక్కల నుంచి అది ఎప్పుడూ చాలినంత దొరకకపోవచ్చు. దక్షిణ అమెరికాలోని ఎర్రకాళ్ల తాబేలు పండ్లు, ఆకులతో పాటు పుట్టగొడుగులను, చచ్చిన జంతువుల మాంసాన్ని కూడా తింటుంది. అలాంటి జాతికి మాంసాహార జంతువు మలం కూడా తిండి కిందే లెక్క.

అందువల్ల ప్రతి సందర్భంలోనూ లోతైన జీవశాస్త్ర కారణం వెతకనక్కర్లేదు. తాబేలుకు వాసన పసిగట్టే శక్తి బాగా ఉంటుంది. తడిగా, మెత్తగా, తిండి వాసనతో కనిపించే ప్రతిదాన్నీ అది ఒకసారి కొరికి చూస్తుంది. పగలంతా మేస్తూ తిరగడానికి పుట్టిన జంతువుకు రోజుకొకసారి పళ్లెంలో మేత పెట్టి, మిగతా సమయమంతా ఖాళీ నేల మీద ఉంచితే, ఆ నేల మీద కనిపించే ఏకైక కొత్త వస్తువు మలమే అవుతుంది.

మరి ఇది పోషకాహార లోపానికి గుర్తా? ఈ ప్రశ్నకు అవుననేవారూ కాదనేవారూ ఉన్నారు. లోపం ఉన్న తాబేలు మలం తినవచ్చు, ఏ లోపమూ లేనిదీ తినవచ్చు. కాబట్టి తినడం ఒక్కటే చూసి ఏ విటమిన్ తక్కువైందో చెప్పడం సాధ్యం కాదు. మేతలో పీచు తక్కువగా, మెత్తటి కూరగాయలు, పండ్లు ఎక్కువగా ఉన్నాయా, కాల్షియం అందుతోందా, అతినీలలోహిత కాంతి తగులుతోందా అన్న ప్రశ్నలు తాబేలు మలం తిన్నా తినకపోయినా అడగవలసినవే.

తాబేలు నడిచి వెళ్లిపోలేని చోట

హాని గురించి మాట్లాడేటప్పుడు ముందు నులిపురుగుల సంగతి చెప్పాలి. నేల తాబేళ్ల పెద్దపేగుల్లో ఉండే చిన్న, తెల్లని నులిపురుగులు ఎంత సాధారణమంటే, బయట తిరిగే తాబేళ్లలో అవి బొత్తిగా లేనివి అరుదు. వీటికి మధ్యలో మరో జంతువు అవసరం లేదు. గుడ్లు మలంతో బయటికి వస్తాయి, నోటి ద్వారా తిరిగి లోపలికి పోతాయి. కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడు అవి ఏ బాధా కలిగించవు. పీచు గుజ్జును కదిలించి సూక్ష్మజీవులకు సాయం చేస్తాయేమోనని కూడా కొందరు జీవశాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ ఆలోచనకు ఒక ఆధారం కప్పల నుంచి వచ్చింది. ఇలాంటి పురుగులున్న ఎద్దుకప్ప తోకకప్పలు పురుగులు లేని వాటికంటే ముందుగా కప్పలుగా మారాయని 2005లో ప్రచురితమైన ప్రయోగం చూపించింది. తాబేలులోనూ అంతే మేలు జరుగుతుందని దానినుంచి తేల్చలేము కానీ, పేగులో పురుగు కనిపించగానే జబ్బు అని నిర్ణయించడం తొందరపాటని మాత్రం అది చెబుతుంది.

ఏలికపాములు అంతకంటే తీవ్రమైనవి. తాబేళ్లలో కనిపించే పెద్ద ఏలికపాములు కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరుగుతాయి, ఎక్కువైతే పేగును అడ్డగించగలవు. వీటి గుడ్లకు మందపాటి పెంకు ఉంటుంది కనుక మట్టిలో చాలాకాలం బతుకుతాయి. ఇక్కడ చాలామంది గమనించని ఒక వివరం ఉంది. ఏలికపాము గుడ్డు మలంతో బయటపడిన వెంటనే అంటుకునే స్థితిలో ఉండదు. వెచ్చదనం, తేమ తగిలి, లోపల పిల్ల పురుగు తయారయ్యాకే అది ప్రమాదకరమవుతుంది. అంటే తాబేలు అప్పుడే పెట్టిన మలాన్ని కళ్లముందే తినేయడం చూసి కలిగే కంగారు కంటే, రోజుల తరబడి ఎత్తకుండా మట్టిలో కలిసిపోయిన పాత మలం గురించి పడే ఆందోళనే సరైనది. అన్ని పరాన్నజీవులూ ఇలా సమయం ఇవ్వవు. క్రిప్టోస్పోరిడియం వంటివి మలంతో వచ్చే క్షణానికే అంటుకునే స్థితిలో ఉంటాయి. మూత్రపిండాలను దెబ్బతీసే హెక్సామిటా అనే ఏకకణ జీవి కూడా మలమూత్రాల ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుంది.

అడవిలో ఇదే తాబేలు ఇవే పురుగులతో దశాబ్దాలు బతుకుతుంది. తేడా చోటులో ఉంది. ఒక తాబేలు రోజుకు ఒకసారి మలం పెడుతుందని, అది ఒక చదరపు మీటరు గూట్లో ఉందని, నెలరోజులు ఎవరూ శుభ్రం చేయలేదని అనుకుందాం. ఆ ఒక్క చదరపు మీటరులో 30 మలాలు పోగవుతాయి. అదే తాబేలు వంద చదరపు మీటర్ల తోటలో తిరిగితే, సగటున ప్రతి చదరపు మీటరుకు మూడో వంతు కూడా రాదు. ఎండ వాటిని ఆరబెడుతుంది, వాన కడిగేస్తుంది, పేడపురుగులు ఎత్తుకుపోతాయి. ఇక అడవి తాబేలు సంచారం హెక్టార్ల కొద్దీ విస్తరిస్తుంది కాబట్టి, అది తన మలాన్ని వదిలి ముందుకు వెళ్లిపోతుంది. గూట్లోని తాబేలుకు ఆ అవకాశం లేదు. తన మలంతో వదిలిన పురుగుల గుడ్ల మీదే అది నడుస్తుంది, పడుకుంటుంది, మేస్తుంది. మలం తినకపోయినా మేతకు అంటిన మట్టితో గుడ్లు లోపలికి పోతూనే ఉంటాయి. అందువల్ల ఇరుకు గూట్లో పురుగుల సంఖ్య పెరగడానికి మలభక్షణను మాత్రమే నిందించడం సరికాదు.

కుందేలు పెంటికకూ కుక్క మలానికీ ఉన్న దూరం

గడ్డి తినే జంతువుల మలంలో ఉండేది ముఖ్యంగా నమిలిన పీచు. కుందేలు, గుర్రం వంటి వాటి పురుగుల్లో చాలా వరకు తమ జాతికే కట్టుబడి ఉంటాయి, తాబేలు పేగుల్లో అవి స్థిరపడవు. అందువల్ల తోటలో రెండు కుందేలు పెంటికలు తిన్న తాబేలుకు సాధారణంగా ఏమీ కాదు.

కుక్క, పిల్లి మలం సంగతి వేరు. అందులో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ. సూక్ష్మజీవులు కూడా మాంసాహారపు పేగుకు చెందినవి. పీచుకు అలవాటుపడిన తాబేలు పేగులో ఇది తరచుగా చేరితే పులిసే ప్రక్రియ గాడి తప్పవచ్చు. ఎక్కువ మాంసకృత్తుల వల్లనే డిప్ప మీద గోపురాల్లాంటి ఎత్తుపల్లాలు వస్తాయని చాలాకాలం నమ్మారు. ఆఫ్రికాకు చెందిన సల్కాటా తాబేలు పిల్లల మీద జరిపి 2003లో ప్రచురించిన ప్రయోగంలో గాలిలోని తేమ తక్కువగా ఉండటమే ముఖ్య కారణంగా తేలింది, మాంసకృత్తుల ప్రభావం చిన్నదిగానే కనిపించింది. కాబట్టి కుక్క మలం తిన్నందువల్ల డిప్ప వంకరపోతుందనే భయానికి గట్టి పునాది లేదు.

అసలు భయపడవలసింది మందుల గురించి. కుక్కలకు, పశువులకు, గుర్రాలకు పురుగుల నివారణకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. అది వాటి నరాలను దెబ్బతీసి, పక్షవాతం, మరణం దాకా దారితీస్తుందని 1983లో ప్రచురితమైన పరిశోధనతో పశువైద్యులకు స్పష్టమైంది. ఈ మందు ఇచ్చిన జంతువు శరీరం నుంచి ఎక్కువగా మలం ద్వారానే బయటికి వస్తుంది. మందు వేసిన పశువుల పేడలో పేడపురుగుల పిల్లలు చనిపోవడానికి కారణం అదే. అలాంటి మలం ఎంత తింటే తాబేలుకు ప్రాణాంతకమో ఒక అంకె చెప్పడం కంటే, ఇటీవల పురుగుల మందు వేసిన జంతువు మలం తాబేలు తిరిగే చోట ఉండకూడదన్న ఒక్క విషయం తెలిసి ఉండటం ముఖ్యం.

తోటి సరీసృపాల మలంలో మరో రకమైన ప్రమాదం దాగి ఉంటుంది. ఎంటమీబా ఇన్వాడెన్స్ అనే ఏకకణ జీవి చాలా తాబేళ్ల పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. అదే జీవి పాములకు, బల్లులకు చేరితే ప్రాణాలు తీస్తుంది, కొన్ని తాబేలు జాతులనూ జబ్బు చేయగలదు. వేర్వేరు ఖండాల తాబేళ్లను ఒకే గూట్లో ఉంచకూడదని, కొత్తగా వచ్చిన తాబేలును నెలల తరబడి విడిగా ఉంచాలని అనుభవజ్ఞులు పట్టుబట్టడానికి ఇదొక కారణం. ఒక జాతి తరతరాలుగా సర్దుకుపోయిన సూక్ష్మజీవి మరో జాతికి పూర్తిగా కొత్తది.

మలపరీక్ష చెప్పేదీ చెప్పనిదీ

పశువైద్యులు మలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, గ్రాముకు ఎన్ని గుడ్లున్నాయో లెక్కిస్తారు. ఆ అంకెను చదవడంలోనే నేర్పు ఉంది. రెండు తాబేళ్ల మలంలో ఒకే సంఖ్యలో నులిపురుగుల గుడ్లు కనిపించాయనుకుందాం. మొదటిది చురుగ్గా మేస్తూ, బరువు నిలకడగా పెరుగుతూ, గట్టి మలం పెడుతోంది. రెండోది చలికాలపు నిద్ర నుంచి లేచి, బరువు తగ్గి, పలుచటి మలం పెడుతోంది. అంకె ఒకటే అయినా మొదటిదానికి ఏ మందూ అవసరం లేదని, రెండోదానికి చికిత్స కావాలని వైద్యుడు నిర్ణయించవచ్చు.

మలం తినే తాబేలు విషయంలో ఒక అదనపు తికమక కూడా వస్తుంది. కుందేలు పెంటికలు తిన్న తాబేలు మలంలో కుందేలు పరాన్నజీవుల గుడ్లు కనిపించవచ్చు. అవి తాబేలుకు అంటుకున్నవి కావు, తిండితో లోపలికి వెళ్లి చెక్కుచెదరకుండా బయటికి వచ్చినవి. తాబేలు ఏమి తిన్నదో వైద్యుడికి చెప్పకపోతే, లేని జబ్బుకు మందు వేసే పరిస్థితి ఏర్పడుతుంది.

ఏటా తప్పనిసరిగా పురుగుల మందు వేయాలా, పరీక్షలో అవసరం తేలితేనే వేయాలా అన్నది ఇంకా నలుగుతున్న చర్చ. చలికాలపు నిద్రకు ముందు ఒకసారి వేస్తే, తిండి లేని నెలల్లో పురుగుల బెడద ఉండదని మొదటి పక్షం అంటుంది. రెండో పక్షం మందుల దుష్ప్రభావాలను గుర్తు చేస్తుంది. తాబేళ్లలో సురక్షితమని పేరున్న ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందును దక్షిణ ఐరోపాకు చెందిన హెర్మన్ తాబేళ్లకు ఇచ్చినప్పుడు తెల్ల రక్తకణాల్లో ఒక రకం బాగా తగ్గిందని 2005లో నమోదైంది. శుభ్రం చేయని గూట్లో మందు ప్రభావం వారాల్లోనే తుడిచిపెట్టుకుపోతుందన్న విషయంలో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు.

మనుషుల చేతులు

తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా బాక్టీరియా ఏ జబ్బూ కలిగించకుండా ఉండటం సాధారణం. మలం తిన్నందువల్ల తాబేలుకు దానితో ముప్పు పెద్దగా పెరగదు, కానీ మలం అంటిన దాని నోరు, కాళ్లు, డిప్ప మనుషులకు ఆ బాక్టీరియాను చేరవేయగలవు. చిన్నపిల్లలు తాబేలు పిల్లలను నోట్లో పెట్టుకుని జబ్బుపడిన కారణంగానే అమెరికా 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. అయిదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో ఈ విషయానికి, తాబేలు కడుపులోని నులిపురుగుల కంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

అలవాటు హఠాత్తుగా మొదలైనప్పుడు

ఏళ్లుగా అప్పుడప్పుడు మలం తింటూ, బాగా ఎదుగుతున్న తాబేలు ఒక పక్కన ఉంటే, ఇంతకాలం ఆ జోలికి పోనిది ఒక్కసారిగా ఆబగా తినడం మొదలుపెట్టిన తాబేలు మరో పక్కన ఉంటుంది. రెండోది శ్రద్ధగా చూడవలసిన సందర్భం. మేత మారిందా, గూటి వెచ్చదనం పడిపోయిందా, కాంతినిచ్చే బల్బు పాతబడిందా, మరో తాబేలు దీన్ని మేత దగ్గరికి రానివ్వడం లేదా అన్నవి ముందు వెతకవలసిన కారణాలు. ఆకుల ముక్కలు అరగకుండా మలంలో కనిపిస్తున్నాయంటే, ఆ మలంలో తాబేలుకు ఇంకా తిండి మిగిలే ఉందని అర్థం. అది దాన్ని మళ్లీ తినడంలో వింత లేదు, వెతకవలసింది అది ఎందుకు అరగలేదన్న కారణాన్ని. దీనితో పాటు బరువు తగ్గడం, మలం నీళ్లలా రావడం, మలంలో కదిలే పురుగులు కనిపించడం, కళ్లు లోపలికి పోవడం వంటివి ఉంటే మలభక్షణ వాటిలో అతి చిన్న విషయమవుతుంది. అప్పుడు వైద్యుడికి అన్నిటికంటే ఉపయోగపడేవి ఆ రోజే పెట్టిన, ఎండిపోని మలం నమూనా, గత కొన్ని నెలల బరువుల పట్టిక. ఈ రెండూ చేతిలో ఉన్నప్పుడు తాబేలు ఏం తిన్నదన్న ప్రశ్నకు, దాని లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్నకు విడివిడిగా జవాబు వెతకవచ్చు.